పోస్టులో కుదిరిన పాట

"మిషను చేసే మోతని సంగీతమంటే నేనొప్పుకోను" అని మొన్న పేరంటంలో మా పెద్దాడపడుచుగారు తాంబూలం అందుకుంటూనే తీర్పు చెప్పేశారు. నలుగురూ తలలూపారు. మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని పాటలు కడుతుందని అందరికీ తెలుసు కనక, బాణం తగలాల్సిన చోటే తగిలింది. అప్పుడు నోరు మెదపలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

అమెరికాలో ఇద్దరున్నారు. బెన్ గిబ్బర్డ్‌ది సియాటిల్ వైపు. గిటారు పట్టుకుని, పక్కింటివాళ్ళ నిద్ర చెడకుండా పాడే బాపతు. జిమ్మీ టాంబరెల్లోది లాస్ ఏంజెలెస్. కంప్యూటరుతో తాళాలూ నాదాలూ అల్లుతాడు. జిమ్మీ వాద్యం టేపుకెక్కించి పోస్టులో పంపితే, బెన్ మాటలూ గొంతూ చేర్చి తిరుగుటపాలో పంపేవాడు. మనం పుట్టింటికి ఉత్తరాలు రాసుకున్నట్టే! అందుకే జట్టుకి 'ది పోస్టల్ సర్వీస్' అని పేరు. 2003లో 'గివ్ అప్' అనే ఆల్బం తెచ్చారు. ఆ పేరు మాదంటూ అమెరికా తపాలా శాఖ నోటీసిచ్చింది. చివరికి రాజీపడి, ఆ ఆల్బం తన వెబ్‌సైటులోనే అమ్మిపెట్టింది. పోస్టాఫీసువాళ్ళకున్న పెద్దమనసు మనకి లేకపోతే ఎలా?

అందులో 'సచ్ గ్రేట్ హైట్స్' అనే పాటని 'ఐరన్ అండ్ వైన్' పేరుతో పాడే సామ్ బీమ్ ఒట్టి గిటారుతో, గుసగుసలాడినట్టు పాడాడు. యంత్రం లేకుండానూ పాట నిలబడింది. మరి యంత్రమెందుకూ అంటారేమో. రెండూ విన్నాను. గిటారు పాట పక్కన కూర్చుని చెప్పినట్టుంటే, యంత్రం పాట దూరాన్నుంచి ఆత్రంగా చెప్తున్నట్టుంటుంది. దూరం ఉంది కనకే ఆ ఆత్రం.

అసలీ అంటూముట్టూ కొత్తది కాదు. 1940లో రేడియోవారు హార్మోనియాన్ని వెలేశారు, మళ్ళీ రానివ్వడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. అంతెందుకు, మా ఆడపడుచుగారింట్లో శ్రుతిపెట్టె మోగేది కరెంటుతోనే. కరెంటు పోతే ఆవిడ పాట కూడా ఆగుతుంది!

"ఎదురెదురుగా కూర్చుని పాడాలమ్మా" అంటారు. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు సంగీతం నేర్చుకున్నదాన్ని. ప్రాక్టీసంటే సాయంత్రం గడప దాటాలి. "మరి వంటో?" అన్నారంతే, ఎవరూ తిట్టలేదు. పాట దానంతటదే మూలపడింది. పాతికేళ్ళ తర్వాత, నిరుడు మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఓ బాణీ పంపింది. రాత్రి గిన్నెలు తోమి, వంటింటి తలుపేసుకుని ఫోనులో పాడి పంపాను. మూడుసార్లు తిప్పికొట్టింది. నాలుగోసారి ఫోను చేసి, "అమ్మా, కుళాయి చుక్కల చప్పుడు కూడా పడింది. తాళానికి సరిపోయింది, ఉంచేశాను" అంది.

వచ్చే పేరంటం మా ఇంట్లోనే. ఆ పాట పెడతాను. ఎవరు పాడారో మాత్రం ముందుగా చెప్పను.