పేరు ఎవరి నెత్తి మీద ఉండాలి?

మా రూమ్మేటుది రాజవొమ్మంగి. ఆ ఊరి పేరు మీరు ఎక్కడో చదివే ఉంటారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు దళం వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడింది కదా, అందులో మూడోది. కంగారు పడకండి, చరిత్ర పాఠం కాదు :) చెప్పబోయేది వీడియో ఎడిటింగ్ గురించి.

ఉగాదికి ఊరెళ్ళినప్పుడు వాడు వాళ్ళ నానమ్మని ఫోన్లో వీడియో తీశాడు. నెత్తిన చింతపండు గంపతో సంతలో జనం మధ్యలోంచి నడిచొస్తోంది ఆవిడ. మొత్తం 15 సెకన్లు. "ఆవిడ పక్కనే ఆవిడ పేరు తెలుగులో కనపడాలిరా. ఆవిడతో పాటే నడవాలి" అన్నాడు. కింద ఒక మూల వేసేస్తే పోలేదా అన్నాను. "అంత మందిలో ఎవరి పేరనుకుంటారు? మా సంతల ఫొటోలు ఎక్కడ చూసినా కింద 'గిరిజన మహిళ' అనే ఉంటుంది. ఆవిడకి పేరుంది" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

రోజంతా కోడ్ రాసేవాడికి ఇదో లెక్కా అనుకుని మొదలుపెట్టా. గంప అంచు మీద ట్రాకర్ పెట్టి, బటన్ నొక్కి, టీ తాగొచ్చా. మొదటి సెకన్లు చూస్తే అదిరింది. ఎగుమతి చేసి పంపేశాం. మర్నాడు ఊరి నుంచి ఫోను.

"ఆ రాతేట్రా?"

"నీ పేరే నానమ్మా."

"నా పేరు దాని నెత్తికెక్కిందేట్రా? అది నేను కాదుగా!"

మళ్ళీ చూస్తే నిజమే. ఆరో సెకన్లో ఒకాయన అడ్డంగా దాటాడు. ఆయన వెళ్ళేసరికి పేరు వెనక వస్తున్న ఇంకొకావిడ గంపకి అతుక్కుని ఆవిడతో వెళ్ళిపోయింది. నేను చివరిదాకా చూడనేలేదు. తప్పు ట్రాకర్ది కాదు, నాదే.

ఇది ఎందుకు జరుగుతుందో మనలాంటి వాళ్ళకి తెలియాలి. ట్రాకర్‌కి మనిషి తెలియదు. దానికి తెలిసింది కొన్ని పిక్సెళ్ళ చదరపు ముక్క. ఈ ఫ్రేములో ఉన్న ముక్కకి తర్వాతి ఫ్రేములో దగ్గర పోలిక ఎక్కడుందో వెతుకుతుంది, అంతే. సెకనుకి 30 ఫ్రేములైతే ఆ 15 సెకన్లలో 450 ఫ్రేములు, అంటే 449 సార్లు వెతకాలి. 1981లో లూకస్, కనాడే రాసిన పద్ధతి ఈ రంగంలో చాలా వాటికి పునాది. ఏ ముక్క పట్టుకుంటే మంచిదో 1994లో షి, తొమాసి చెప్పారు. సాదా చీర మధ్యలో పట్టుకుంటే ఎటు జరిగిందో తెలీదు. గీత మీద పట్టుకుంటే గీత వెంబడే జారిపోతుంది. మూల లాంటి చోట, వెలుగూ చీకటీ రెండు దిక్కుల్లోనూ మారే చోట పట్టుకుంటేనే నిలుస్తుంది. నేను పట్టుకున్నది గంప అంచు. సంతలో గంపలన్నీ ఒకలాగే ఉంటాయి మరి!

రెండోసారి కుదురుగా చేశా. మీకూ పనికొస్తుందని రాస్తున్నా. ఫోన్లు చాలావరకు ఫ్రేము రేటు మార్చుకుంటూ రికార్డు చేస్తాయి, ముందు దాన్ని స్థిరమైన రేటుకి మార్చుకోండి. ట్రాకింగ్ డేటాని నేరుగా అక్షరాలకి కాకుండా ఒక కనపడని ఖాళీ లేయరుకి ఇచ్చి, అక్షరాలని దానికి తగిలించండి. అప్పుడు పేరుని కాస్త పక్కకి జరపడం సుళువు. స్థానం మాత్రమే తీసుకోండి, తిప్పడం, పెంచడం వద్దు. వణుకు తగ్గడానికి కొంచెం స్మూతింగ్ ఇవ్వండి. మన కన్ను మనిషి వెంట వెళుతున్నప్పుడు అదే వేగంతో వెళ్ళే పేరు హాయిగా చదవొచ్చు, వణికే పేరు చదవలేం. ఇక మన తెలుగు గోల ఉండనే ఉంది. కొన్ని ఎడిటర్లలో వత్తులు విడిపోతాయి. అలా అయితే పేరుని బయట ఇంక్‌స్కేప్‌లో రాసి, వెనక ఖాళీగా ఉండే బొమ్మగా సేవ్ చేసి తెచ్చుకోండి.

ఇవన్నీ చిట్కాలు. నా అసలు గొడవ వేరే. ట్రాకర్‌కి పోలిక కుదరనప్పుడు ఏం చెయ్యాలి? చాలామంది "ఎక్కడో ఒకచోట ఉండనీ, ఒక్క సెకనేగా" అంటారు. నేనొప్పుకోను. డేటాబేసులో తెలియని చోట మనం నల్ పెడతాం గానీ పక్క వరసలోని పేరు తెచ్చి అతికించం. అలా చేసినవాణ్ణి కోడ్ రివ్యూలో ఉతికేస్తాం. మరి తెర మీద మనిషికి ఆ మర్యాద ఎందుకుండకూడదు? పేరు మాయమైతే చూసేవాడు ఆగి వెతుక్కుంటాడు. తప్పు మనిషి మీదుంటే నమ్మేస్తాడు. ఇద్దరికీ అన్యాయం, పేరు పోయినావిడకీ, పేరు అంటుకున్నావిడకీ.

"ఇప్పుడంతా ఏఐ చూసుకుంటుంది బాసూ" అంటారేమో. నిజమే, చాలా మెరుగైంది. 2024లో మెటా వాళ్ళు విడుదల చేసిన సామ్ 2 వీడియోలో మనిషి ఆకారాన్నంతా పట్టుకుని వెంబడిస్తుంది. కానీ గుంపులో ఒకేలాంటివి ఉంటే తికమక పడొచ్చని దాన్ని తయారుచేసిన వాళ్ళే రాశారు. సంత అంటేనే గుంపు కదా. కాబట్టి టీకి వెళ్ళేముందు కాదు, వచ్చాక చివరి ఫ్రేము దాకా మనిషే చూడాలి.

1922లో రాజవొమ్మంగి స్టేషన్లో బందీగా ఉన్న వీరయ్యదొరని దళం విడిపించింది. ఆయన పేరు మనకి మిగిలింది. ఆ రోజు వెంట నడిచిన మిగతావాళ్ళలో ఎంతమంది పేర్లు మనలో ఎవరికి తెలుసు? అప్పుడు ఫోన్లు లేవు. మన దగ్గర ఫోనూ, ఎడిటరూ, పేరూ మూడూ ఉండి కూడా బద్ధకంతో తప్పు రాస్తే ఏమనాలి?

కొత్త వీడియోలో ఆయన అడ్డొచ్చినప్పుడు పేరు మెల్లగా మాయమై, నానమ్మ మళ్ళీ కనపడగానే వస్తుంది. ఆ పేరేంటో ఇక్కడ రాయట్లేదు, అది వాళ్ళింటి వీడియో కోసం ఇచ్చిన పేరు. ఆవిడేమంది అని మావాణ్ణడిగా. "ఈసారి నన్నొదల్లేదు" అందిట.