పలక మీది పేరు

ఖమ్మములోను, కొత్తగూడెములోను మోటారు కార్లు, ట్రాక్టర్లు, ద్విచక్ర వాహనములు అమ్ము దుకాణముల ముందు నడచిపోవునప్పుడు ఒకమారు తలయెత్తి పలకలను జదువుడు. కొన్నింటి మీద ఇంటిపేరుండును, కొన్నింటి మీద తాతగారి పేరుండును, ఆ ప్రక్కనే "అండ్ సన్స్" అనియో, "బ్రదర్స్" అనియో యుండును. కుమార్తెల మాట గల పలక యొక్కటియు నా కింతవరకు గానరాలేదు. చూచిన సోదరి యెవరైన నున్నచో నాకు వ్రాసిన సంతోషింతును. ఈ నెల నా ప్రసంగము ఆ పలకను గూర్చియే. మోటారు వ్యాపారము మగవారి సంగతి, మనకేల యని పుట త్రిప్పవలదు. ఆ వ్యాపారమునకై బ్యాంకులో తాకట్టు పడియున్నది పెక్కు తావుల మన యిల్లే, మన పసుపుకుంకుమల పొలమే.

మన సరిహద్దు సీమకు మోటారు బండి ఆలస్యముగా వచ్చినది. సికిందరాబాదు నుండి బెజవాడకు రైలు 1889 నాటికే ఖమ్మము మీదుగా నడచెను. బొగ్గు గనులకై వేసిన శాఖామార్గము కొత్తగూడెము చేరి నిలిచిపోయినది. ఆ స్టేషనుకు "భద్రాచలం రోడ్" అని పేరు. పేరు చూచి రాములవారి గుడి యెదురుగా నుండునని దిగినవారు ఇంకను నలువది కిలోమీటర్లు పోవలయును! తుదకు గోదావరి అడ్డము. 1965లో వంతెన యేర్పడువరకు ఈవలి వారు పడవ యెక్కక భద్రాద్రి చేరుటకు వీలు లేకుండెను. ఒకప్పుడు ఏటి కీవలి యొడ్డు నిజాము రాజ్యము, ఆవలి యొడ్డు మద్రాసు రాజధాని. భద్రాచలము తూర్పుగోదావరి నుండి విడివడి ఖమ్మము జిల్లాలో చేరినది 1959లో.

ఈ రెండు ప్రభుత్వముల తీరులును వేరు. నిజాము రైల్వేవారు 1932 జూన్ 15వ తేదీన 27 బస్సులతో, 166 మంది యుద్యోగులతో తామే రోడ్డు రవాణా శాఖను దెరచిరి. మద్రాసు రాజధానిలోనో, బస్సులు నడపుట చిరకాలము ప్రైవేటు కుటుంబముల చేతిలో నుండెను. బస్సు నడపిన యిల్లే తరువాత టైర్లమ్మెను, మరమ్మతు శాల పెట్టెను, పిదప కంపెనీవారి ఏజెన్సీ తెచ్చుకొనెను. మోటారు కుటుంబములు మొదట దక్షిణమున వర్ధిల్లుటకు ఇదియొక కారణమని నా యూహ.

అట్టి కుటుంబములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మధురలోని టి.వి.యస్. వారిది. 1877లో బుట్టిన టి.వి. సుందరం అయ్యంగారు న్యాయవాద వృత్తి చూచెను, రైల్వేలోను బ్యాంకులోను కొలువు చేసెను, ఏదియు మనసునకు బట్టలేదు. 1911లో బస్సుల వ్యాపారమునకు దిగెను. ఆయన బస్సు వచ్చుట చూచి జనులు గడియారములు సరిచేసికొనెడివారని దక్షిణమున నేటికిని చెప్పుకొందురు. పిమ్మట ఆయన జనరల్ మోటార్సు వారి కార్లకు ఏజెంటయ్యెను. రెండవ ప్రపంచయుద్ధములో పెట్రోలు కరవైనప్పుడు కట్టెబొగ్గు నుండి పుట్టించిన వాయువుతో బండి నడచు యంత్రమును తన శాలలో దయారు చేయించెను. దుకాణము పేరు "టి.వి. సుందరం అయ్యంగార్ అండ్ సన్స్". కుమారులు తలకొక శాఖను బెంచిరి. వారిలో సంతానము గారు 1954లో సుందరం ఫైనాన్సును స్థాపించి లారీ కొనువారికి అప్పు లిచ్చు మార్గమును చూపిరి. కారమ్ముట కంటె కారు కొనువానికి అప్పిచ్చుటలో నెక్కువ నిలకడ యున్నదని ఆ కుటుంబము ముందుగానే గ్రహించినది.

"సన్స్" కథ యిది. ఆ యింటనే సౌందరమను కుమార్తె గలదు. ఆమె పేరు పలక మీద లేదు.

సౌందరము 1904లో జన్మించినది. చిన్నతనముననే సౌందరరాజను అను వైద్యునికిచ్చి పెండ్లి చేసిరి. ప్లేగు రోగులకు సేవ చేయుచు ఆయన 1925లో ఆ రోగమునకే బలియయ్యెను. ఇరువది యొకటవ యేట వైధవ్యము! ఆ కాలపు ఆచారవంతుల యిండ్లలో ఆ పిల్ల గతి యేమైయుండునో చదువరులకు చెప్ప నక్కరలేదు. అయ్యంగారు దంపతులు ఆమెను మూలగదిలో గూర్చుండబెట్టక ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్యకళాశాలకు బంపిరి. కుమారులకు బండ్లనిచ్చిన తండ్రి కుమార్తెకు విద్యనిచ్చినాడు. అది గొప్ప విషయమే, కాదనను. అయినను ఆ రెండును ఒకటి కావు. ఆమె 1936లో డాక్టరై వెలువడినది. గాంధీజీ శిష్యుడగు జి. రామచంద్రను గారిని పెండ్లాడ నెంచినప్పుడు పుట్టినింటివారు మొదట సమ్మతింపలేదు. 1940లో గాంధీజీ యాశీర్వాదముతో ఆ వివాహము జరిగెను. భార్యాభర్తలు 1947లో దిండిగల్లు దగ్గర గాంధీగ్రామమును నెలకొల్పిరి; వైద్యశాల, బడులు, పల్లె పరిశ్రమలు అచ్చట వెలసెను. సౌందరమ్మ గారు పార్లమెంటు సభ్యురాలై కేంద్రములో విద్యాశాఖ ఉపమంత్రిణిగా బనిచేసి, 1984లో గతించిరి. మోటారు దుకాణములో ఆమెకు తావుండినచో ఏమగునో యెవరు చెప్పగలరు? ఆమె కట్టిన సంస్థను జూడగా వ్యవహారదక్షత సోదరులకంటె కొదువయని నాకు తోచదు.

మద్రాసులోని సింప్సను కుటుంబమున కాలము కొంత మారినది. ట్రాక్టర్ల కంపెనీయగు టాఫేలో శివశైలము గారి కుమార్తె మల్లికా శ్రీనివాసన్ గారు 1986లో ప్రవేశించి, తరువాత దానికి అధ్యక్షురాలైరి. మన ఖమ్మము రైతుల పొలములలో దున్నుచున్న ట్రాక్టర్లలో ఆ కంపెనీవి గలవు.

ఇక మన ప్రాంతపు దుకాణముల వైపు చూతము. పలకకు లోపల జరుగునది సామాన్యముగా నిట్లుండును. కారు కంపెనీవారు బండిని పంపునప్పుడే సొమ్ము చెల్లింపవలెను. ఆ సొమ్ము బ్యాంకు అప్పు. బండి అమ్ముడుపోవువరకు దినదినమునకు వడ్డీ పెరుగును. దసరాకును, ఉగాదికిని గిరాకి. ఆషాఢమున, శూన్యమాసమున గిరాకి లేదు. మిరపకు ధర పలికిన సంవత్సరమున ట్రాక్టర్లు కదలును. పలుకనిచో ముంగిట ఎండకు మాడును. కారు మీద మిగులునది స్వల్పము. మరమ్మతులు, విడిభాగములు, భీమా, అప్పుల కమీషను వీని వలననే యిల్లు గడచును. 1983లో మారుతి రాకముందు కథ వేరు. అంబాసిడరుకో, ఫియటుకో డబ్బు కట్టి యేండ్ల తరబడి వేచియుండెడివారు. అమ్మువాడు బ్రతిమాలుట లేదు, కొనువాడే బ్రతిమాలును. నేడు త్రాసు తిరుగబడినది.

బ్యాంకువారు హామీ కోరుదురు. భద్రాచలము చుట్టుపట్టులు ఏజెన్సీ ప్రాంతము. అచ్చటి భూమి గిరిజనేతరులకు చెల్లరాదని 1959లో చేసిన నిబంధనను 1970లో మరింత బిగించిరి. గిరిజనుల భూమి గిరిజనులకే దక్కవలెనన్న ఆ చట్టము న్యాయమైనది. కాని ఆ నేలను విక్రయించుట కష్టము గావున బ్యాంకులు దానిని సులభముగా హామీగా గొనవు. అందుచే మైదానపు టిల్లు, అత్తగారి మడి, కోడలి పేర నున్న స్థలము వెదకబడును. ఒకనాటి సాయంకాలము వంట చేయుచున్న కోడలిని బిలిచి "ఇచ్చట సంతకము పెట్టుము" అందురు. ఆమె చేయి తుడుచుకొని సంతకము చేయును.

ఆ సంతకమునకు అర్థమేమి? 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము హామీదారు బాధ్యత, వేరు షరతు లేనిచో, అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానము. మొదట దుకాణదారుని వసూలు చేసి పిమ్మట ఆమె యొద్దకు రావలెనన్న నియమము లేదు. లాభము వచ్చినప్పుడు భాగము లేని స్త్రీకి నష్టము వచ్చినప్పుడు పూర్తి భాగము!

నష్టము అరుదుగా వచ్చునని యెంచవలదు. 1928లో బొంబాయిలో కార్లు గూర్చ నారంభించిన జనరల్ మోటార్సు వారే 2017లో మన దేశమున అమ్మకము లాపిరి. ఫోర్డు వారు ఇక్కడ తయారీ నిలుపుదుమని 2021లో ప్రకటించిరి. ఏజెన్సీ యనునది కంపెనీ యిచ్చిన అనుమతి, తాతలనాటి ఆస్తి కాదు. కంపెనీ పోయిన దినమున మిగులునవి గాజు గోడలును, అప్పును.

వాటాల సంగతి. ఆంధ్రప్రదేశములో 1986 చట్టము, 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లి కాని కుమార్తెకు హిందూ ఉమ్మడి కుటుంబపు టాస్తిలో కుమారునితో సమాన హక్కు నిచ్చినది. పెండ్లియైన కుమార్తె నిలువున వదలివేయబడెను. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటికి వర్తించిన చట్టము ఆ భేదమును దీసివేసినది. ఆ దినమున తండ్రి బ్రదికి యుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందు సక్రమముగా జరిగిన పంపకములను మాత్రము తిరుగదోడుటకు వీలు లేదు. అయితే దుకాణము ఉమ్మడి కుటుంబపుదో, భాగస్వామ్యమో, ప్రైవేటు కంపెనీయో ముందుగా తెలియవలెను. 1932 చట్టము క్రింది భాగస్వామ్యములో తండ్రి మరణించినచో, పత్రములో వేరు మాట లేకున్న భాగస్వామ్యమే రద్దగును. వారసులకు రావలసినది ఆయన వాటా విలువ, గద్దె కాదు. తండ్రి స్వార్జితమైనచో వీలునామా వ్రాసి ఎవ్వరికైన నీయవచ్చును. వ్రాయనిచో భార్యకు, తల్లికి, కుమారునకు, కుమార్తెకు సమభాగములు.

కావున సంతకమునకు ముందు కాగితమును ఒక రాత్రి యింట నుంచి చదువుడని నా మనవి. అప్పు మొత్తమెంత, హామీకి పరిమితి యున్నదా, ఆ వ్యాపారములో నా పేర నొక్క వాటా యైన నున్నదా, ఈ మూడును అడుగుట అమర్యాద కాదు. నకలు దాచుకొనుడు. ఆలోచన చెప్పుటకు మన జిల్లా న్యాయసేవాధికార సంస్థలో న్యాయవాదు లుందురు. స్త్రీలకు వారి సాయము ఉచితము.

వచ్చు నెల భాగస్వామ్య పత్రమును వాక్యము వాక్యముగా విప్పి చెప్పుదును. మీ యింటి పత్రములో అర్థముకాని మాట యున్నచో, పేర్లు చెరిపివేసి, నాకు పంపుడు.