మూసిన గదిలో కుంపటి

ధనుర్మాసం వచ్చింది. అమలాపురం నుంచి భీమవరం దాకా గోడలకు సున్నాలు పడుతున్నాయి. అటక మీది గంగాళాలు కిందికి దిగాయి, పరుపులు డాబాల మీద ఎండుతున్నాయి. ఏడాదంతా తాళం పడి ఉన్న ఇళ్ళకు కూడా బూజులు దులుపుతున్నారు. కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు వచ్చే రోజులివి. ఈ హడావిడిలో ఎవరూ ఆలోచించని ప్రమాదం ఒకటి ఉంది. చలికి తలుపులు, కిటికీలు బిగించుకుని లోపల నిప్పు పెట్టుకోవడం ప్రాణం తీస్తుంది.

మన డెల్టా ఇళ్ళు ఎండకు తట్టుకునేలా కట్టినవి. రాత్రి పూట పదిహేను, పదహారు డిగ్రీలకు దిగితేనే మనకు వణుకు. అందుకే గది వెచ్చబెట్టుకునే ఏర్పాటు, పొగ గొట్టం వంటివి మన కట్టుబడిలో లేవు. అవసరం పడలేదు. మండువా లోగిలిలో నడిమధ్య ఆకాశం కనిపించేది. పెంకుల సందుల్లోంచి గాలి ఆడేది. నీళ్ళు పెరట్లో రాగి బాయిలర్‌లోనో, మూడు రాళ్ళ పొయ్యి మీది కాగులోనో కాగేవి. అప్పుడు కుంపటి పెట్టినా వాయువు నిలిచేది కాదు. ఇప్పుడు స్లాబు ఇల్లు వచ్చింది. గదికి అల్యూమినియం కిటికీ, ఏసీ కోసం ప్రతి సందూ మూసివేత, పడకగదిలోంచే స్నానాలగది. పెరట్లో ఉండాల్సిన నిప్పు గ్యాస్ గీజరై స్నానాలగది గోడకెక్కింది. ఇల్లు మారింది కానీ అలవాటు మారలేదు. చావులు వస్తున్నది ఇక్కడే.

బొగ్గు గానీ గ్యాస్ గానీ సరిపడా గాలి అందకుండా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఒకసారి అంటుకున్నాక ప్రాణవాయువుకు చోటుండదు. మనవాళ్ళకు పొగ అంటే భయం, పొగ లేని నిప్పు అంటే నమ్మకం. కుంపటిలో పొగంతా పోయి బొగ్గులు ఎర్రగా కాలుతున్నాక, ఇప్పుడు పర్వాలేదని గదిలోకి తెస్తారు. సరిగ్గా ఆ ఎర్రటి బొగ్గులే ఈ వాయువును ఎక్కువగా వదులుతాయి. నివురు గప్పినా వదులుతూనే ఉంటాయి.

2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్‌కు విహారయాత్రకు వెళ్ళిన రెండు కుటుంబాల వారు దామన్ అనే కొండ ఊళ్ళో ఒక రిసార్టులో బస చేశారు. చలికి తాళలేక గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపూ కిటికీలూ లోపలి నుంచి గడియ వేసుకుని పడుకున్నారు. తెల్లారేసరికి ఎనిమిది మంది లేవలేదు. వారిలో నలుగురు పిల్లలు. మనలాగే వెచ్చటి నేల మీద పుట్టి, చలికి ఏం చేయాలో తెలియని మనుషులు వాళ్ళు.

మన ఊళ్ళలో ఎక్కువ భయపడాల్సిన చోటు బాలింత గది. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురి మంచం కింద కుంపటి పెట్టడం, గాలి సోకకూడదని తలుపు సందుల్లో గుడ్డలు కుక్కడం ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. పైగా సాంబ్రాణి పొగ. ఇది పెద్దవాళ్ళు ప్రేమతో చేసే పని, అందులో అనుమానం లేదు. కానీ ఆ గదిలో అందరికంటే త్వరత్వరగా ఊపిరి తీసేది పసిబిడ్డ. కాస్త విషవాయువు చాలు. బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉంటే ‘హాయిగా నిద్రపోతోంది’ అనుకుంటారు. అమ్మమ్మలకు, నానమ్మలకు ఈ సంగతి ఎవరో ఒకరు చేతులు పట్టుకుని చెప్పాలి. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఈ రెండు నెలలూ బాలింత ఉన్న ప్రతి గడపా ఎక్కి ఈ ఒక్క మాట చెప్పినా చాలు. బాలింతకు వెచ్చదనం దుప్పటితో రావాలి, తలకు గుడ్డతో రావాలి, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడంతో రావాలి. బొగ్గులతో వద్దు.

తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, కాళ్ళలో సత్తువ లేకపోవడం దీని లక్షణాలు. పండగ రోజుల్లో ఇవి ఎవరికి లేవు? రాత్రంతా బస్సులో ప్రయాణం, తెల్లవారుజామున తలంట్లు, బూరెలూ పొంగలీ తిన్న భుక్తాయాసం. అందుకే ఎవరూ పట్టించుకోరు. ఒక గుర్తు పెట్టుకోండి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వచ్చి, ఆరుబయటికి రాగానే తేరుకుంటే అది తిండి వల్ల కాదు. వెంటనే అందరినీ బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయాలి. కోవిడ్ నాడు కొన్న ఆక్సీమీటరు వేలికి పెట్టి తొంభై ఎనిమిది చూపిస్తోందని ఊరుకోవద్దు. ఆ పరికరం ప్రాణవాయువు పట్టిన రక్తానికీ, ఈ విషం పట్టిన రక్తానికీ తేడా చెప్పలేదు.

గ్యాస్ గీజరు స్నానాలగది లోపల ఉండకూడదు. గోడ బయట బిగించి, వేడినీళ్ళ గొట్టం ఒక్కటే లోపలికి రావాలి. మంట నీలంగా కాక పసుపుగా ఉన్నా, పైన మసి పట్టినా దాన్ని వాడడం ఆపేయాలి. చుట్టాలు దిగిన ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు, పది మంది గంటన్నర పాటు స్నానాలు చేస్తారు. ముందు చేసినవారికి ఏమీ కాకపోవచ్చు. చివర వెళ్ళినవారికి గదిలో మిగిలిన గాలి ఎంత?

గ్యాస్ ప్రమాదం అనగానే గోదావరి జిల్లాల వారికి బావులూ పైపులైన్లే గుర్తొస్తాయి. 1995 జనవరి 8న, సరిగ్గా సంక్రాంతి ముందు, పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని అరవై అయిదు రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గెయిల్ పైపులైను లీకై, పరుచుకున్న గ్యాస్ అంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ గాయాలు మరువరానివి. అయితే వంటింట్లోని పద్నాలుగు కిలోల సిలిండరు పట్ల మనకు ఆ భయంలో పదో వంతు కూడా లేదు. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే నేలబారుగా పరుచుకుని, గడప కింద నుంచి, చుట్టాలకు పక్కలు వేసిన గదిలోకి పాకుతుంది. వాసన వస్తే లైటు వేయకూడదు, వెలుగుతున్నది తీయనూ కూడదు. స్విచ్చి దగ్గర పుట్టే నిప్పురవ్వ చాలు. రెగ్యులేటరు కట్టేసి, తలుపులన్నీ బార్లా తెరిచి, బయటికి వచ్చాకే ఫోన్ ముట్టాలి.

తాళం పడి ఉన్న ఇళ్ళ సంగతి ఇంకా వేరు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవారు భోగి ముందు రోజు వచ్చి తాళం తీసి, ఆ సాయంత్రమే అన్నీ ఆన్ చేస్తారు. ఏడాదిగా ఆ ఇంట్లో కాపురం ఉన్నది ఎలుకలు. రబ్బరు గొట్టం కొరికాయో, వైర్ల తొడుగు కొరికాయో చూసిన వారెవరు? మూడు వేల వాట్ల గీజరును, నీళ్ళు కాచే రాడ్డును ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే ఆ తీగ ఎంతసేపు తట్టుకుంటుంది? వచ్చే ముందే ఊళ్ళోని ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్, కరెంటు లీకైతే కట్ చేసే ఆర్‌సీసీబీ చూపించండి. గ్యాస్ గొట్టం మీద ముద్రించిన గడువు దాటి ఉంటే మార్పించండి. అతనికి ఇచ్చే అయిదారు వందలు పండగ ఖర్చులో లెక్కకు రావు.

భోగి మంట ఊరందరిదీ. కోతలు, నూర్పిళ్ళు అయ్యాక ఊరి చుట్టూ గడ్డివాములే. పక్కన తాటాకు ఇళ్ళు, పైన కరెంటు తీగలు. మంట ఎక్కడ వేయాలో పంచాయతీ పెద్దలు ముందే చోటు చూపించాలి. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు అందులో వేయనివ్వకూడదు. మంచు పట్టిన తెల్లవారుజామున ఆ నల్లపొగ పైకి పోదు, భోగిపళ్ళు పోయించుకోవాల్సిన పిల్లల ముక్కుల్లోకే పోతుంది. పిడకలు, ఎండుకట్టెలు చాలు. అవే మన ఆచారం కూడా.

గ్యాస్ ఏజెన్సీలు పండగ లోపు ఊరూరా ఒక్క రోజైనా తనిఖీ శిబిరం పెట్టాలి. సిలిండర్ తెచ్చే కుర్రాడి చేత సీల్ తీయించి, లీకేజీ చూపించమని అడిగే హక్కు ప్రతి వినియోగదారుడికీ ఉంది, అడగాలి. గ్యాస్ లీకైతే చేయాల్సిన ఫోన్ నంబరు 1906, ఇది రాత్రీ పగలూ పలుకుతుంది. అగ్నిమాపక కేంద్రానికి 101. కొత్తగా సున్నం వేసిన వంటింటి గోడ మీద, చుట్టాలకు కూడా కనిపించేలా, ఈ రెండు నంబర్లూ పెద్ద అక్షరాలతో రాయించండి. ఈ రాత్రి పడుకునే ముందు కుంపటి ఎక్కడుందో చూసి, గదిలో ఉంటే వరండాలో పెట్టండి.