అలల చాటున తల

2021 మే 17న తౌక్తే తుఫాను ముంబై హై చమురు క్షేత్రాల మీద విరుచుకుపడింది. చమురు క్షేత్రాల కార్మికులు ఉండే పీ-305 బార్జి లంగరు తెగి కొట్టుకుపోయి, చివరికి మునిగిపోయింది. అందులో 261 మంది. అదే తుఫానుకు మునిగిన వరప్రద టగ్గులో 13 మంది. నౌకాదళం ప్రాణాలకు తెగించి 188 మందిని కాపాడింది. మిగతా 86 మంది ఇంటికి రాలేదు.

అలాంటి సముద్రంలో వెతకడమంటే ఏమిటో ఒడ్డున కూర్చున్న మనకు ఊహకందదు. లైఫ్ జాకెట్ వేసుకున్న మనిషిలో నీళ్లపైకి కనిపించేది తల, భుజాలు మాత్రమే. ఓడ మీద దుర్భిణి పట్టుకుని నిలబడ్డవాడికి ఆ తల అల ఎక్కినప్పుడు ఒక్క క్షణం కనబడుతుంది, అల దిగగానే మాయమవుతుంది. మళ్లీ చూసేసరికి ఓడ ఒకవైపు, మనిషి ఒకవైపు. పైనుంచి నిటారుగా కిందికి చూసే డ్రోన్‌కు ఈ అలల చాటు ఉండదు. 2018 జనవరిలో ఆస్ట్రేలియాలోని లెనాక్స్ హెడ్ దగ్గర అలల్లో చిక్కుకున్న ఇద్దరు కుర్రాళ్లకు డ్రోన్ గాలితో ఉబ్బే తేలుడు సాధనాన్ని జారవిడిచింది. దాన్ని పట్టుకుని ఇద్దరూ ఒడ్డుకు చేరారు.

అలాగని డ్రోన్ కొనిపెడితే చాలనుకోవడం పొరపాటు. తుఫాను ఉధృతంగా ఉన్నప్పుడు చిన్న డ్రోన్ ఎగరదు. గాలి తగ్గాక, పెద్ద సాయం అందేలోపు గడిచే ఆ గంటల్లోనే దాని పని. వేడిని పసిగట్టే కెమెరాకూ మన దగ్గరొక చిక్కుంది. ఉత్తర సముద్రపు చల్లటి నీళ్లలో మనిషి తల స్పష్టంగా వేరుపడుతుంది. మన నీళ్లు వేసవిలో 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి, తడిసిన తలకూ నీటికీ తేడా కొద్దిదే. అందుకే ప్రతి జాకెట్‌కూ ఉన్నచోటు తెలిపే బీకన్, వెలుతురు పడితే మెరిసే పట్టీ ఉండాలి. అవి లేకుండా డ్రోన్‌ను పంపడం చీకట్లో గుండుసూది వెతకడమే.

ఇంకొకటి. తుఫాను వస్తోందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. అయినా ఆ బార్జి సముద్రంలోనే ఉండిపోయింది. ఆ నిర్ణయానికి ఏ డ్రోనూ మందు కాదు.

ఇది పడమటి తీరం గొడవ మాత్రమే కాదు. 2019 ఆగస్టులో విశాఖ తీరంలో కోస్టల్ జాగ్వార్ నౌకకు మంటలంటుకుంటే సిబ్బంది 29 మంది నీళ్లలోకి దూకారు. కోస్ట్‌గార్డ్ 28 మందిని పైకి తీసింది, ఒకరు గల్లంతయ్యారు. 2024 జనవరి నుంచి కాకినాడ ఎదుట లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ కొత్తగా చమురు తీస్తోంది. అక్కడికి వెళ్లే కాంట్రాక్టు కార్మికుడి భద్రత టెండరు కాగితాల్లోనే తేలుతుంది. డ్రోన్ ఒడ్డున గోదాములో ఉంటే ప్రయోజనం లేదు. రిగ్గు పక్కన కాపలా ఉండే నౌకలోనే ఉండాలి, దాన్ని నడపగలిగిన మనిషి ప్రతి షిఫ్టులోనూ ఉండాలి. బీకన్‌తో సహా ఇవన్నీ టెండరు షరతుల్లో రాయాలి, పాటించని కాంట్రాక్టర్లకు పని ఇవ్వకూడదు. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు తుఫానులు మొదలయ్యేలోపే చమురు సంస్థలు ఈ పని చేయాలి.