ఎంతొస్తుందండీ?

తంతి స్తంభాల మీది పాత గాజు బుడ్లు పోగుచేసేవాళ్లకి అమెరికాలో 1973 నుంచీ ఓ జాతీయ సంఘమే వుంది. కొందరు మెటల్ డిటెక్టరు పట్టుకుని మరీ వెతుకుతారుట. నిజానికి ఆ యంత్రానికి గాజూ తెలీదు, పింగాణీ తెలీదు. లోపలి ఇనప కాడకే కుయ్యిమంటుంది.

అదే యంత్రం మన నల్లమల అంచుకి వస్తే బంగారం తప్ప మరోటి అక్కర్లేదు. పాడుపడ్డ గుడి కనిపిస్తే చాలు, గుప్తనిధులంటూ రాత్రికి రాత్రి గునపాలు దిగుతాయి. దొరికేదేమిటో గాని, పగిలేది మాత్రం నంది విగ్రహం. నేలలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం వుంది. ఎవరిక్కావాలి?

గుంటూరు-గుంతకల్లు మీటర్‌గేజి రైల్లో కంభం, గిద్దలూరు మీదుగా వెళ్లినవాళ్లకి కిటికీ పక్కన తంతి స్తంభాలూ, వాటి మీద బోర్లించిన తెల్లటి పింగాణీ గిన్నెలూ గుర్తుండే వుంటాయి. కాకులు కూచోటానికి కాదండీ అవి! వానకి తడిసిన స్తంభం వెంట కరెంటు భూమిలోకి జారిపోకుండా, గిన్నె లోపలి అంచు పొడిగా వుండి అడ్డుపడేది. ఒకదాని లోపల ఒకటిగా వుండే ఆ అంచులకి ఇంగ్లీషు ఇంజినీర్లు పెట్టిన పేరు పెట్టీకోట్లు. నవ్వకండి. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియెట్లీ" అన్న కబురు దారిలో ఇంకిపోకుండా మనకి చేర్చింది ఆ పెట్టీకోట్లే.

1990లలో ఆ లైను బ్రాడ్‌గేజి అయింది. 2013 జులైలో తంతీ ఆగిపోయింది.

నా దగ్గర మూడు గిన్నెలున్నాయి. పట్టాల పక్కన తవ్వినవి కావు, తుక్కు కొట్లో డబ్బిచ్చి కొన్నవి. "ఏందమ్మా, ఈటితో ఏం జేసుకుంటావు?" అన్నాడు కొట్టతను. అది న్యాయమైన ప్రశ్నే. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం "ఎంతొస్తుందండీ?" అనడుగుతారు. ఒళ్లు మండేది అక్కడే! రేటు పలికితేనే పాతది గొప్పదా? గుళ్లో గునపం దింపేవాడిదీ ఈ లెక్కే కదా? కోప్పడకండి, అమ్మమ్మల నాటి కంచు చెంబులిచ్చి ప్లాస్టిక్ బకెట్లు తెచ్చుకున్న ఇళ్లు మన వీధుల్లో ఎన్ని లేవు?

మార్కాపురం రోడ్ స్టేషన్లో ఓ అద్దాల బీరువా పెట్టమని అందరం కలిసి అడుగుదాం. ఓ మార్కాపురం పలకా, పక్కన నాలుగు పింగాణీ గిన్నెలూ. నా మూడూ ఇచ్చేస్తాను, నాలుగోది మీలో ఎవరైనా తేవాలి. చీటీ మీద పెట్టీకోట్ల మాట మాత్రం రాసి తీరాల్సిందే.