కంప్యూటరు కబుర్లు: గుర్తులు చేసే పని

ఈసారి 'పైథాన్' భాషలోని గుర్తుల సంగతి చూద్దాం. నెదర్లాండ్స్ దేశస్థుడు గిడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన ఈ భాష కొత్తగా నేర్చుకునేవారికి సులువైనది.

కూడికకు +, తీసివేతకు - మనకు తెలిసినవే. హెచ్చవేతకు * వాడాలి. భాగహారంలో // భాగఫలాన్ని, % శేషాన్ని ఇస్తాయి. మన ఇన్సేన్ బజారు లెక్కే తీసుకోండి. బర్మా వీసెకు 100 టికల్స్. 250 టికల్స్ చింతపండు ఎంత? 250 // 100 అంటే 2, 250 % 100 అంటే 50. అంటే రెండు వీసెల యాభై టికల్స్ అన్నమాట.

= గుర్తు సమానమని చెప్పదు. ధర = 1500 అంటే 'ధర' అనే పేరుతో 1500 దాచుకోమని అర్థం. సమానమా అని అడగాలంటే == రాయాలి. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఇలా తెలుగు పేర్లు కూడా పెట్టుకోవచ్చు.

అసలు జాగ్రత్త బిల్లు వేసేటప్పుడు కావాలి. 500, 200 క్యాట్ల సరుకులు మూడేసి కొన్నారనుకోండి. 500 + 200 * 3 అని రాస్తే 1100 వస్తుంది. హెచ్చవేత ముందు జరుగుతుంది కనుక. (500 + 200) * 3 అంటేనే 2100. కంప్యూటరు తప్పని చెప్పదు. కొట్టువాడికి మాత్రం వెయ్యి క్యాట్లు నష్టం!

అలాగే 2 + 3 అంటే 5 గాని, కొటేషన్లలో పెట్టిన '2' + '3' అంటే '23'. అక్కడ అవి సంఖ్యలు కావు, అక్షరాలు. అక్షరాలను + పక్కపక్కన అతికిస్తుంది.

ఇంటిపని: 20 - 6 // 4 ఎంత? ముందు కాగితం మీద చేసి, తర్వాత కంప్యూటరులో సరిచూసుకోండి.