లేఅవుట్లో పార్కు మూలన పడితే ఎవరికి లాభం?

విశాఖ నగరం ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పాకుతోంది. మొన్నటి దాకా సరుగుడు తోటలు, పూలమళ్లు ఉన్నచోట హద్దురాళ్లు లేచాయి. ప్లాటు ధరెంత, రోడ్డు వెడల్పెంత అని అందరూ అడుగుతున్నారు. పార్కు స్థలం ఎక్కడని అడిగేవారు మాత్రం అరుదు.

రాష్ట్ర ప్రభుత్వం 2017లో చేసిన లేఅవుట్ నిబంధనల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో నూటికి 10 వంతులు ఖాళీగా విడిచి స్థానిక సంస్థకు దఖలు పరచాలి. పదెకరాల లేఅవుట్ వేస్తే ఎకరం అందరిదీ అన్నమాట. కాగితం మీద ఈ లెక్క ఎలాగూ సరిపోతుంది. ఆ ఎకరం ఎక్కడ చూపించారన్నదే అసలు సంగతి. గెడ్డ గట్టునో, హైటెన్షన్ తీగల కిందనో, ప్లాటుకు పనికిరాని మూడు మూలల ముక్కలోనో చూపిస్తే అక్కడికి పిల్లల్ని ఎవరూ పంపరు. కొన్నాళ్లకు తుప్పలు, చెత్తకుప్పలు, ఆ తర్వాత ఎవరిదో పాక! అదే నాలుగు వీధులు కలిసేచోట ఉంటే చుట్టూ ఉన్న ఇళ్లవారి కళ్లే దానికి కాపలా.

పట్టణాలలో చెట్ల పెంపకంపై పనిచేసే నెదర్లాండ్స్ శాస్త్రవేత్త సెసిల్ కొనైనెండైక్ 2021లో ఒక కొలత సూచించారు. ప్రతి ఇంటినుంచీ కనీసం 3 చెట్లు కనిపించాలి, పేటలో నూటికి 30 వంతుల నేలపై చెట్ల కొమ్మలు పరుచుకోవాలి, 300 మీటర్ల లోపు పార్కు ఉండాలి. రచ్చబండ మీద రావిచెట్టు నీడన కూర్చునేవారికి ఇది కొత్త విషయమేమీ కాదు. చెట్టు కనబడితేనే మేలు జరుగుతుందా అనవచ్చు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించి, 1984లో ఫలితాలు ప్రకటించారు. పిత్తాశయం ఆపరేషన్ అయినవారిలో కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది, ఇటుక గోడ కనిపించిన 23 మంది కంటే త్వరగా ఇంటికి వెళ్లారు. వారికి నొప్పి మందులూ తక్కువే పట్టాయి.

ఇక ఏం నాటాలన్నది. పట్టణం పార్కులంటే పచ్చగడ్డి పరిచి, ఫౌంటెన్ పెట్టి, గేటుకు తాళం వేయడంగా మారింది. గడ్డి ఫొటోకు బాగుంటుంది, నీళ్లు తాగుతుంది, మధ్యాహ్నం రెండు గంటలకు నీడ మాత్రం ఇవ్వదు. వేప, కానుగ, నేరేడు వంటివి పడమటి వైపు వరుసగా వేస్తే సాయంకాలపు ఎండను ఆపుతాయి. దారి పక్క పొదలు నడుము ఎత్తు మించకుంటే ఆడవాళ్లు చీకటి పడ్డాకా భయం లేకుండా నడుస్తారు.

త్వరగా పెరుగుతుందని ఏదో ఒకటి నాటడమూ చేటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు విశాఖలో చెట్లు కూలాక, ఏడాకుల పాల మొక్కలను విరివిగా నాటారు. దసరా వెళ్లాక అవి పూస్తే రాత్రిళ్లు ఘాటు వాసనకు ఊపిరాడడం లేదని ఆయాసం ఉన్నవారు మొరపెట్టుకుంటున్నారు. కోనోకార్పస్ మొక్కను గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది.

భూమి అమ్మేసిన రైతుకు ఇదంతా ఎందుకంటే, ఆ పక్కనే ఉండేది అతని ఊరే. పార్కు స్థలం పంచాయతీకి దఖలు పడిందో లేదో గ్రామసభలో అడగవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసి ప్లాను నకలు తీసుకోవచ్చు. తర్వాత ఆ స్థలం మీద ఎవరు కన్నేసినా ఆ నకలే ఆధారం. బెంగళూరులో పార్కుకని విడిచిన స్థలాన్ని అక్కడి అభివృద్ధి సంస్థ ప్రైవేటు ఆసుపత్రి కట్టుకోవడానికి ఇచ్చేస్తే, చుట్టుపక్కల ఇళ్లవారే కోర్టుకెక్కారు. ఆసుపత్రి కూడా జనం కోసమేనన్న వాదన నిలవలేదు. ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.